ఆటు వేళ అమ్మోనైట్ల కోసం: లైమ్ రీజిస్, చార్మౌత్ తీరంలో

ఆదివారం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఎక్స్‌మౌత్ నుంచి స్టడ్‌లాండ్ దాకా దాదాపు 155 కిలోమీటర్ల పొడవునా సముద్రం కొండల్ని కోస్తూ ఉంటుంది. దాన్నే జురాసిక్ కోస్ట్ అంటారు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పొరలు తూర్పు వైపుకు కాస్త వాలి ఉండటం వల్ల, పడమర నుంచి తూర్పుకు నడిచేకొద్దీ మొత్తం మీద రాయి వయసు తగ్గుతూ వస్తుంది. ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్, మూడు యుగాలూ కలిపి 18.5 కోట్ల ఏళ్ళ చరిత్ర. డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పినన్నాళ్ళూ ఈ తీరం అడ్డుకోతను బోర్డు మీద గీసి, పొరల పేర్లు పిల్లల చేత వల్లె వేయించాను. కంటితో చూడటం మాత్రం రిటైరయ్యాక, బేసింగ్‌స్టోక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాకే కుదిరింది.

ఫిబ్రవరిలో స్కూళ్ళకు వారం సెలవులు. చలికాలంలో సముద్రం ఏమిటని అల్లుడుగారు అడిగారు. శిలాజాలకు చలికాలమే మంచిది. వానకు కొండ నాని కూలుతుంది, అలలు ఆ మట్టిని కడిగేసి రాళ్ళను బయటపెడతాయి. వేసవిలో ఇసుక కప్పేస్తుంది, పైగా జనం. ఈ వారం మంగళవారం అమావాస్య అని మా ఆవిడ క్యాలెండర్ చూసి చెప్పింది. విశాఖ తీరంలో పెరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, అమావాస్యకీ పున్నమికీ పోటు ఎంత పైకి వస్తుందో ఆటు అంత కిందికి పోతుంది. ఇక్కడ ఇంకో అనుకూలం ఉంది. అమావాస్య రోజుల్లో, మేం వెళ్ళే లైమ్ రీజిస్ దగ్గర ఆటు సరిగ్గా మధ్యాహ్నం పూట వస్తుంది, అంటే మంచి వెలుతురులో.

వాటర్‌లూ నుంచి ఎక్సెటర్ వెళ్ళే రైల్లో సుమారు రెండు గంటలు ప్రయాణం చేసి ఆక్స్‌మిన్‌స్టర్‌లో దిగాం. అక్కడి నుంచి బస్సు. లైమ్ రీజిస్ ఊరు నిటారు వాలు మీద ఉంటుంది, బస్సు సముద్రంలోకే దిగుతోందా అనిపిస్తుంది. గట్టు వెంట దీపస్తంభాలు కూడా అమ్మోనైట్, అంటే చుట్లు తిరిగిన గుల్ల ఉన్న పురాతన సముద్ర జీవి, ఆకారంలోనే ఉన్నాయి. మనవరాలు ఒక్కో స్తంభాన్నీ ఆగి చూసింది.

సోమవారం, చార్మౌత్

చార్మౌత్ లైమ్‌కి తూర్పున చిన్న ఊరు. సముద్రం ఒడ్డున పాత సిమెంటు ఫ్యాక్టరీ భవనంలో హెరిటేజ్ కోస్ట్ సెంటర్ నడుస్తోంది. ముందుగా అక్కడికి వెళ్ళి, ఆ రోజు ఎటు వైపు సురక్షితమో, ఆటు ఎప్పుడో కనుక్కున్నాం. ఈ తీరానికి వచ్చే ఎవరికైనా నా సలహా ఇదే. కొండ కింద నడిచేవాళ్ళు నీరు తగ్గుతున్నప్పుడు బయల్దేరాలి, మళ్ళీ పెరగడం మొదలవగానే వెనక్కి తిరగాలి. నీరు కొండ పాదాన్ని తాకితే దారి ఉండదు. కొండను ఆనుకుని కూర్చోకూడదు. 2012లో ఇదే తీరంలో, బర్టన్ బ్రాడ్‌స్టాక్ దగ్గర కొండ విరిగి పడి ఒక యువతి చనిపోయింది.

శిలాజాల సేకరణకు ఇక్కడ ఒక నియమావళి ఉంది. ఒడ్డున వదులుగా పడి ఉన్నవి ఎవరైనా తీసుకోవచ్చు. కొండలో ఉన్నవాటిని అనుమతి లేకుండా తవ్వకూడదు. శాస్త్రపరంగా ముఖ్యమైనది ఏదైనా దొరికితే ఈ సెంటర్‌లో నమోదు చేయించాలి. మిగతా దేశాల్లో చాలాచోట్ల ఏరడమే నేరం, ఇక్కడ ఎందుకు ఒప్పుకుంటారని మా అమ్మాయి అడిగింది. ఒడ్డు మీదికి చేరిన శిలాజాన్ని ఎవరూ ఏరకపోతే అది అక్కడే భద్రంగా ఉండదు. నాలుగు పోట్లకు గులకరాళ్ళ మధ్య నలిగి పొడైపోతుంది. రెండు వందల ఏళ్ళ కిందట ఈ ఒడ్డున శిలాజాలు ఏరిన మేరీ ఆనింగ్ కాలం నుంచి ఇక్కడి నుంచి మ్యూజియాలకు చేరినవన్నీ ఎవరో ఒకరు సముద్రం కంటే ముందు చేయి చాచబట్టి దక్కినవే. ఏరడమూ కాపాడటమూ ఒకటే పనిగా మారే చోట్లు ప్రపంచంలో కొన్నే ఉంటాయి, ఇది అలాంటిది. కొండను తవ్వడం మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ రాయి ఏ పొరలో ఉందన్న సమాచారమే పోతుంది, కొండా త్వరగా కూలుతుంది.

సెంటర్ నుంచి పడమర వైపు నడిచాం. అటు పైన కనిపించే నల్లటి కొండే బ్లాక్ వెన్. యూరప్‌లోని తీరప్రాంతాల్లో పెద్ద మట్టి జారుళ్ళలో ఇది ఒకటి. పైన ఇసుకరాయి, కింద నల్లటి బంకమట్టి. వాన నీరు ఇసుకరాయిలోంచి దిగి బంకమట్టి మీద ఆగుతుంది, బంకమట్టి నాని మెట్టు మెట్టుగా సముద్రంలోకి జారుతుంది. 2008 మేలో చార్మౌత్‌కీ లైమ్‌కీ మధ్య దాదాపు 400 మీటర్ల మేర కొండ ఒక్కసారిగా జారింది. ఆ జారుళ్ళతో ఊరి పాత చెత్తకుప్ప కూడా ఒడ్డు మీదికి వచ్చి పడింది. అందుకే లైమ్ వైపు పోయేకొద్దీ గులకరాళ్ళ మధ్య తుప్పు పట్టిన ఇనుము, గాజుముక్కలు కనిపిస్తాయి. పిల్లల్ని ఉత్త చేతులతో వెతకనివ్వకండి.

అందరూ మొదట చేసే పని సుత్తి తీసి కనబడిన రాయినల్లా కొట్టడం. మా అల్లుడుగారూ సుత్తి, కళ్ళద్దాలు తెచ్చుకున్నారు. "మామయ్యగారూ, ఏ రాయి కొట్టాలో చెప్పండి" అన్నారు. "ఈరోజు ఏదీ వద్దు బాబూ, మోకాళ్ళ మీద కూర్చోండి" అన్నాను. అలలు వెనక్కి పోయినచోట బరువైన రేణువులన్నీ ఒకచోట చేరి నల్లని చారలుగా మిగులుతాయి. పైరైట్, అంటే ఇనుము గంధకంతో కలిసిన ఖనిజం, ఇసుక కంటే బరువు కాబట్టి అదే చారలో నిలుస్తుంది. ఆ చారలో ముక్కు పెట్టినంత దగ్గరగా వంగి చూడాలి. కళ్ళు అలవాటు పడటానికి కొంతసేపు పడుతుంది. తర్వాత ఒకటి కనిపిస్తే దాని పక్కనే ఇంకొకటి ఉంటుంది.

మొదట దొరికింది బెలెమ్నైట్. సూది మొనతో తుపాకీ గుండులా ఉంటుంది, స్క్విడ్ లాంటి ఒక జీవి లోపలి గట్టి భాగం. తర్వాత మా అమ్మాయికి ఒక పైరైట్ అమ్మోనైట్. బటన్ అంత లేదు. కంచు రంగు, చుట్ల మీద ఎడంగా, ఒద్దికగా అడ్డు గీతలు. ప్రోమైక్రోసెరాస్ అనే రకం అయి ఉంటుంది. మనవరాలు అరచేతిలో పెట్టుకుని "అమ్మమ్మా, చక్కిలం!" అంది. నిజంగానే అలాగే ఉంది.

ఆ పిల్లకు అప్పుడు చెప్పాను. ఇది నత్త కాదు. స్క్విడ్, ఆక్టోపస్‌ల వంశం. గుల్ల లోపల గదులు గదులుగా ఉంటుంది, జంతువు చివరి గదిలోనే కాపురం. పెరిగేకొద్దీ ముందుకు జరిగి వెనక గోడ కట్టుకుంటుంది. వదిలేసిన గదుల్లోంచి సన్నని గొట్టం ద్వారా నీటిని తోడేసి గాలి నింపుకుని సముద్రంలో తేలుతుంది. మధ్యలో ఉన్న చుక్కంత చుట్టు అది పుట్టినప్పటి ఇల్లు. జీవితమంతా ఒకే గుల్లలో రాసి ఉంటుంది కాబట్టి, మధ్య నుంచి బయటికి చదువుకుంటూ వస్తే చాలు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట డైనోసార్లతో పాటే ఇవీ పోయాయి. దూరపు చుట్టమైన నాటిలస్ మాత్రం ఇప్పటికీ పసిఫిక్, హిందూ మహాసముద్రాల లోతుల్లో బతుకుతోంది.

"మన ఇండియాలో ఉండవా తాతయ్యా?" ఉంటాయి. కచ్ లోని జురాసిక్ రాళ్ళలో బోలెడు. తమిళనాడులో అరియలూరు దగ్గర ఉన్నవి క్రెటేషియస్‌వి, మా విద్యార్థుల్ని అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళం. పాత పశ్చిమ గోదావరి జిల్లాలో రాఘవాపురం పొరల్లోనూ వీటి ముద్రలు దొరికాయి, అవీ క్రెటేషియస్‌వే. తెలంగాణలో జురాసిక్ రాళ్ళున్నాయి గానీ అవి నదులు, చెరువులు పరచిన పొరలు. సముద్రం లేని చోట అమ్మోనైట్ ఉండదు. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉన్నాయి, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తానని మాటిచ్చాను.

మంగళవారం, మన్‌మౌత్ బీచ్

లైమ్ ఓడరేవుకు కాబ్ అనే వంపు తిరిగిన రాతి అడ్డుకట్ట ఉంది. దాని పడమర ఉన్నదే మన్‌మౌత్ బీచ్. ఇక్కడికి ఏరుకోవడానికి కాదు, చూడటానికే వెళ్ళాలి.

ఇక్కడి రాయి బ్లూ లయాస్. బూడిద నీలం సున్నపురాయి ఒక వరస, నల్లని షేల్, అంటే పలుచని పొరలుగా విడిపోయే మట్టిరాయి, ఒక వరస, మళ్ళీ సున్నపురాయి. కొండ ముఖం నిండా ఇదే క్రమం. దాదాపు 20 కోట్ల ఏళ్ళ కిందటి వెచ్చని, లోతు తక్కువ సముద్రపు అడుగు. నీరు బాగా వెనక్కి పోయాక ఒక సున్నపురాతి పలక మొత్తం బయటపడింది. దాని నిండా అమ్మోనైట్లే. కొన్ని మా భోజనాల బల్ల మీది కంచాలకంటే పెద్దవి, కొన్ని రెండు చేతులా వాటేసుకోవాల్సినంతవి. ఒకదాని మీద ఒకటి కాకుండా, పక్కపక్కన పరిచినట్టు. ఆర్నియోసెరాస్, కోరోనిసెరాస్ వంటి జాతుల పేర్లు ఈ పొరలకు సంబంధించి పాఠాల్లో చెప్పేవాణ్ణి. అడుగు తీసి అడుగు వేస్తుంటే వాటి గీతలు షూ కింద తగిలాయి.

నేను చాలాసేపు నిలబడే ఉన్నాను. తరగతిలో ఒక శిలాజాన్ని చేతికిచ్చి "ఇది ఇండెక్స్ ఫాసిల్", అంటే పొర వయసు చెప్పే శిలాజం, అని చెప్పడం సులువు. ఇక్కడ ఒకే సముద్రపు అడుగున చచ్చి పడిన గుంపుని చూస్తుంటే, అవి ఒకప్పుడు ఈదిన జీవులన్న సంగతి మొదటిసారి ఒంటికి తగిలింది. ఇన్ని ఒకేచోట ఎందుకు చేరాయి అన్నదానికి ఎన్నో వివరణలున్నాయి. సముద్రపు అడుగున మట్టి చేరడం మందగించినప్పుడు తరతరాల గుల్లలు ఒకే పొర మీద పోగవుతాయన్నది నాకు నచ్చే వివరణ.

పలకను ఎవరో ఒకచోట ఉలితో తొలిచిన గుర్తులున్నాయి. ఆ గుంటలో అమ్మోనైట్ సగం విరిగి ఉంది. అంటే తొలిచినవాడికీ దక్కలేదు, చూడ్డానికి వచ్చినవాళ్ళకూ దక్కలేదు. దాన్ని చూసి మా మనవరాలికి ఏడుపొచ్చినంత పనైంది. నాకు కోపమొచ్చింది. ఇక్కడి పలక మీద సుత్తి పెట్టకూడదు, అంతే.

మా ఆవిడ పలక అంచున కూర్చుని ఒక అమ్మోనైట్ చుట్టూ నిలిచిన నీటిని చేత్తో తోస్తూ, "ఏమండీ, ఇది మన దేవుడి గూట్లో ఉన్నదే కదా" అంది.

అవును. మా నాన్నగారి నుంచి మాకు వచ్చిన సాలగ్రామం లోపల ఉన్న చక్రం ఇలాంటి అమ్మోనైట్‌దే. నేపాల్‌లో ముక్తినాథ్ వైపు, గండకీ నది పరీవాహకంలో స్పితి షేల్ అనే నల్లని పొరలున్నాయి. హిమాలయాలు లేవకముందు అక్కడున్న టెథిస్ సముద్రపు అడుగు అది. అందులోని అమ్మోనైట్ల చుట్టూ ఖనిజాలు పేరుకుని గుండ్రటి నల్లరాళ్ళు అయ్యాయి. నది వాటిని దొర్లించి నున్నగా చేస్తుంది. చాలావరకు జురాసిక్ చివరి భాగపువి. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు ఈ సంగతి చెప్పాను, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు నీళ్ళలో చెయ్యి పెట్టి గీతల్ని తడుముతూ, "మరి రోజూ అభిషేకం చేసేది దీనికేగా" అంది. పూజకీ పాఠానికీ మధ్య నాకెప్పుడూ తగువు కనిపించలేదు. ఆ రాయి ఎన్ని కోట్ల ఏళ్ళదో తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

బుధవారం, లైమ్ ఊళ్ళో

పొద్దున్నుంచి గాలివాన. బీచ్ వైపు వెళ్ళొద్దని హోటల్ వాళ్ళే చెప్పారు. మ్యూజియానికి వెళ్ళాం.

లైమ్ రీజిస్ మ్యూజియం మేరీ ఆనింగ్ పుట్టిన ఇంటి స్థలంలోనే ఉంది. 1799లో పుట్టింది. తండ్రి చెక్కపని చేసేవాడు, వేసవిలో వచ్చేవాళ్ళకు అమ్మోనైట్లు అమ్మి నాలుగు డబ్బులు చూసేవాడు. 1810లో ఆయన పోయేసరికి ఇంటి నిండా అప్పులు. మరుసటి ఏడు అన్న జోసెఫ్‌కి ఒక పెద్ద తలకాయ శిలాజం కనిపించింది. 1812లో మేరీ మిగతా ఒంటిని వెతికి పట్టుకుంది. అప్పటికి ఆమెకు పన్నెండు, పదమూడేళ్ళే. ఇక్తియోసార్ అనే ఆ సముద్రపు సరీసృపాన్ని అక్కడి జమీందారు 23 పౌండ్లకు కొన్నాడు. 1823లో మొట్టమొదటి పూర్తి ప్లీసియోసార్ (పొడుగు మెడ సముద్రపు సరీసృపం), 1828లో ఎగిరే సరీసృపం. బెజోర్ రాళ్ళని అప్పట్లో పిలిచినవి శిలాజమైన పేడ అని భూవిజ్ఞాని విలియం బక్‌లాండ్ తేల్చడానికి, ఆమె ఇక్తియోసార్ పొట్ట దగ్గర వాటిని చూసి చెప్పడం తోడ్పడింది.

ఆ ప్లీసియోసార్ గురించి లండన్ జియలాజికల్ సొసైటీలో 1824లో ప్రసంగం జరిగితే మేరీ పేరు ఎత్తలేదు. ఆ సొసైటీలో ఆడవాళ్ళకు సభ్యత్వం దక్కింది 1919లో. ఆమె 1847లోనే పోయింది. ఎప్పుడూ తోడు తిరిగిన ట్రే అనే కుక్క 1833లో కొండచరియ విరిగిపడి చనిపోయింది, మేరీ కొద్దిలో తప్పించుకుంది. ఈ ఊరిలో ఆమె విగ్రహం 2022లో పెట్టారు, చేతిలో సుత్తి, పక్కన ట్రే. ఒక స్కూలు పిల్ల పట్టుబట్టి చందాలు పోగుచేయించి పెట్టించిన విగ్రహమది.

మ్యూజియంలో నన్ను ఆపేసింది ఎముకలు కాదు, పొరల పట్టిక. ఇక్కడి రాతిని అమ్మోనైట్ల పేర్లతోనే విభజించారు. బక్‌లాండి, సెమికోస్టాటమ్, టర్నెరి, అబ్ట్యూసమ్, ఆక్సినోటమ్, రారికోస్టాటమ్, ఇలా కింది నుంచి పైకి. అమ్మోనైట్లు త్వరత్వరగా మారేవి, సముద్రంలో దూరదూరాలకు పాకేవి. కాబట్టి ఒక జాతి కనబడితే ఆ రాయి ఏ కాలపుదో చెప్పేయొచ్చు, జర్మనీలోనైనా ఇక్కడైనా. 1850లలో జర్మన్ భూవిజ్ఞాని ఆల్బర్ట్ ఓపెల్ ఈ పద్ధతిని కుదురుగా నిలబెట్టాడు. రేడియోధార్మికత అన్న మాటే పుట్టక ముందు.

దీనివల్లే నేను ఈ యాత్రలో అందరికీ ఒకటే చెబుతూ వచ్చాను. దొరికిన చోటు, తేదీ రాయని శిలాజం సగం శిలాజమే. మా కాలేజీ బీరువాలో ఒక సొరుగు నిండా ఎవరో ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి తెచ్చిన అమ్మోనైట్లు ఉండేవి. వాటిలో పైరైట్‌వి తేమకు పాడై, గంధకపు వాసనతో బూడిద పొడిగా రాలాయి. పైరైట్ గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న కాగితం చీటీలను కూడా తినేసింది. చీటీ పోయాక, మిగిలిన గట్టి అమ్మోనైట్లు కూడా ఎక్కడివో తెలియని అందమైన రాళ్ళుగానే మిగిలాయి. వాటితో ఏ పాఠం చెప్పలేకపోయాను.

గురువారం, మళ్ళీ చార్మౌత్

రాత్రికి గాలి తగ్గింది. గాలివాన తర్వాతి రోజు కోసం ఇక్కడి సేకరణదారులు ఎదురుచూస్తారు. మేం పదకొండుకు చేరేసరికే కొందరు తిరిగొస్తున్నారు. ఎవరి చేతిలో ఏముందో అడిగి చూడటం ఇక్కడ మామూలే, అందరూ ఆనందంగా చూపిస్తారు. ఒకాయన దగ్గర పెంటాక్రైనైటిస్ కాడ ముక్కలున్నాయి. సముద్రపు లిల్లీ అనే జీవి, కాడ అడ్డంగా విరిస్తే అయిదు కొనల నక్షత్రం. ఒకటి మనవరాలికి ఇచ్చేశాడు.

ఈసారి తూర్పు వైపు, స్టోన్‌బారో కొండ కింద కొంతదూరం చూసి, ఆటు ఇంకా తగ్గాక పడమరకు తిరిగాం. నిన్నటి వానకు బ్లాక్ వెన్ కింద కొత్త మట్టి నాలుకలు ఒడ్డు మీదికి వచ్చాయి. పైకి ఆరినట్టు కనిపిస్తాయి, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. ఒక కుర్రాడు అలాగే దిగబడ్డాడు. ఇద్దరు అతన్ని బల్లపరుపుగా వాలమని చెప్పి నెమ్మదిగా లాగారు. బూటు ఒకటి అందులోనే ఉండిపోయింది. మేం నీటి అంచు పట్టుకునే నడిచాం. ఎక్కడో పైన చిన్న రాళ్ళు రాలిన చప్పుడు వినిపించగానే అందరం ఇంకా కిందికి జరిగాం.

వెతకాల్సింది ఇప్పుడు పైరైట్ కాదు, సున్నపురాతి ఉండలు. బంకమట్టి పొరల్లో అక్కడక్కడా మట్టి గట్టిపడి ముద్దలుగా అవుతుంది. అలా గట్టిపడిన దాంట్లో చిక్కిన అమ్మోనైట్ నలగకుండా, గదుల్లో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం నిండి, గుండ్రంగా నిలుస్తుంది. బయట బంకమట్టిలో ఉన్నవి కాగితంలా చదునైపోతాయి. కాబట్టి మంచి అమ్మోనైట్ అంటే ముద్దలోదే. కానీ పది ముద్దల్లో తొమ్మిది ఖాళీ. అందుకని అనుభవమున్నవాళ్ళు సుత్తి తీయక ముందు ముద్ద అంచు చుట్టూ తిప్పి చూస్తారు, ఎక్కడైనా గీత, వంపు కనిపిస్తుందేమోనని.

మా ఆవిడకు ఈ మాట చెప్పలేదు. ఆమె తనంతట తానే ఒక నల్లటి గుండ్రాయిని రెండు చేతులా ఎత్తి, నీళ్ళలో కడిగి, నెమ్మదిగా తిప్పుతోంది. "ఏమండీ, దీనికి ద్వారం ఉంది చూడండి" అంది. సాలగ్రామానికి చక్రం కనిపించే రంధ్రాన్ని ద్వారం అంటారు. రాయి ఒక అంచున అలలకు అరిగి, లోపలి చుట్టు అంగుళం మేర బయటపడింది. బలమైన అడ్డు గీతలు, బయటి అంచున నిలువుగా ఒక గట్టు, దానికి రెండు వైపులా చిన్న కాలువలు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. ఆస్టెరోసెరాస్.

అల్లుడుగారు సుత్తి తీయబోయి, ఆగి, నా వైపు చూశారు. "వద్దండి" అన్నాను. ఈ అమ్మోనైట్ రాయిలో ఏటవాలుగా ఉంది. కొడితే రాయి తన ఇష్టం వచ్చిన చోట విరుగుతుంది, గుల్ల మధ్య నుంచి చీలొచ్చు. దీన్ని గాలి ఒత్తిడితో కొట్టుకునే సన్నని ఉలితో, భూతద్దం కింద, గంటల తరబడి బయటికి తీయాలి. ఆ పని బాగా తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

సెంటర్‌కి తీసుకెళ్ళాం. అక్కడున్నావిడ చూసిన వెంటనే అదే పేరు చెప్పింది, బ్లాక్ వెన్ మార్ల్స్ అనే పొరల్లోని అబ్ట్యూసమ్ మండలం నుంచి జారి వచ్చి ఉంటుందని కూడా. నిన్న పట్టికలో చూసిన పేరు. సుమారు 19 కోట్ల ఏళ్ళకు పైబడినది. అరుదైనది కాదు, ఇంటికి తీసుకెళ్ళొచ్చు అంది. అరుదైనదై ఉంటే బాగుండునని నాకు అనిపించలేదు. దొరికింది చాలు.

శుక్రవారం, రైల్లో

సామాను సర్దుతూ అందరం చీటీలు రాశాం. మనవరాలి చేత పెన్సిల్‌తో రాయించాను, ఇంకు తేమకు పాకుతుంది. "చార్మౌత్, బ్లాక్ వెన్ కింద, ఒడ్డున వదులుగా, గురువారం, అమ్మమ్మ" అని తేదీ వేసింది. బాగా రాసింది. ఎవరు ఏరారో రాయడం కూడా ముఖ్యమే. మేరీ ఏరినవాటిలో ఎన్నో, కొన్నవాళ్ళ పేర్ల మీద మ్యూజియాలకు చేరాయి.

పైరైట్ అమ్మోనైట్లను ఇంటికి వెళ్ళగానే మంచినీళ్ళలో నానబెట్టాలి, ఉప్పు పోయేదాకా రోజూ నీళ్ళు మార్చాలి. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, మూత గట్టిగా బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. బాత్రూంలో గూడు మీద అందంగా పేర్చారో, కాలేజీ సొరుగు గతే. పెద్ద ముద్దను అక్కడే ఒక ప్రిపేరర్ దగ్గర, అంటే రాయిలోంచి శిలాజాన్ని బయటికి తీసే నిపుణుడి దగ్గర, ఇచ్చి వచ్చాం. ఆయన చేతిలో చాలా పని ఉంది, రెండు మూడు నెలలు పడుతుందన్నాడు.

రైలు యోవిల్ దాటాక మనవరాలు ఈస్టర్ సెలవుల్లో ఎక్కడికని అడిగింది. ఉత్తరాన యార్క్‌షైర్ తీరంలో విట్‌బీ ఉంది. అక్కడ అమ్మోనైట్లను పాములు రాళ్ళైనవని నమ్మేవాళ్ళు, సెయింట్ హిల్డా పాముల్ని శపించిందని కథ. నమ్మకానికి తగ్గట్టు కొన్నిటికి పాము తలలు కూడా చెక్కి అమ్మారు. ఆమె పేరే పెట్టిన హిల్డోసెరాస్ అక్కడి పొరల్లో దొరుకుతుంది, లైమ్ రాళ్ళకంటే వయసులో కోటి ఏళ్ళకు పైగా చిన్నది. మా అమ్మాయి ఫోన్‌లో విట్‌బీ ఆటుపోట్ల పట్టిక తెరిచింది. మా ఆవిడ బ్యాగులోంచి క్యాలెండర్ తీసి ఏప్రిల్‌లో అమావాస్య ఎప్పుడో చూస్తోంది.